చుక్కల్లో అంకె కనిపించకపోతే ఉద్యోగం పోవాలా?

ఉద్యోగానికి ఎంపికైన అభ్యర్థి ముందు వైద్యుడు ఒక పుస్తకం తెరుస్తాడు. పేజీ మీద రంగురంగుల చుక్కలతో నిండిన వృత్తం ఉంటుంది. అందులో ఏ అంకె ఉందో చెప్పమంటాడు. మామూలు చూపు గలవారికి 8 కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియనివారికి అదే చోట 3 కనిపిస్తుంది. రాతపరీక్షలో, ఇంటర్వ్యూలో నెగ్గినవారు కూడా ఈ చుక్కల దగ్గర ఆగిపోవచ్చు. ఇంతకీ ఈ చుక్కలు ఉద్యోగానికీ మనిషికీ మధ్యకు ఎలా వచ్చాయి?

మన కంటి రెటీనాలో రంగులను గుర్తించే శంకు కణాలు మూడు రకాలు. వీటిలో ఒక రకం లేకపోయినా, సరిగా పనిచేయకపోయినా కొన్ని రంగులు కలిసిపోయి కనిపిస్తాయి. దీనినే వర్ణాంధత్వం అంటారు. పరమాణు సిద్ధాంతంతో పేరుపొందిన జాన్ డాల్టన్‌కు ఈ లోపం ఉండేది. 1794లో ఆయన మాంచెస్టర్‌లో దీని గురించి ప్రసంగించాడు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండడమే కారణమని నమ్మి, మరణించాక కంటిని పరీక్షించమన్నాడు. 1844లో పరీక్షిస్తే ఆ ద్రవం మామూలుగానే ఉంది. భద్రపరచిన ఆ కంటి నుండి 1995లో డి.ఎన్.ఎ. తీసి చూస్తే అసలు కారణం జన్యువులో దొరికింది. ఎరుపు-ఆకుపచ్చ లోపానికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. అందుకే ఇది మగవారిలో ఎక్కువ. ఐరోపా సంతతి పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి, స్త్రీలలో అర శాతం మందికి ఇది ఉంటుంది.

డాల్టన్‌కు ఈ లోపం వల్ల ఏ ఉద్యోగమూ పోలేదు. పరిస్థితి మారింది రైళ్ళు వచ్చాకే. 1875 నవంబరులో స్వీడన్‌లోని లాగర్‌లుండా వద్ద రెండు రైళ్ళు ఢీకొని 9 మంది మరణించారు. సిగ్నల్ రంగు గుర్తించలేకపోవడమే కారణం కావచ్చని శరీరధర్మ శాస్త్రవేత్త హోమ్‌గ్రెన్ భావించాడు. రంగు ఉన్ని పోగులను జత చేయమని రైల్వే సిబ్బంది 266 మందిని పరీక్షించి, 13 మందిలో లోపం కనుగొన్నాడు. ఆ తర్వాత ఇలాంటి పరీక్షలు అనేక దేశాల రైల్వేలకు పాకాయి. విశేషమేమంటే, 2012లో మోలన్, కవోనియస్ అనే పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి, ఆ ప్రమాదానికి వర్ణాంధత్వమే కారణమనడానికి ఆధారాలు బలంగా లేవని రాశారు. అలాగని పరీక్షే వృథా అనుకోకూడదు. రంగు సిగ్నళ్ళు చూసి రైలు నడిపేవారికి రంగులు తెలియాల్సిందే.

జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా తయారుచేసిన చుక్కల చిత్రాలు 1917లో వెలువడ్డాయి. సైన్యంలో చేరేవారి కోసం ఆయన వాటిని రూపొందించాడు. చవక, సులువు కావడంతో ఉద్యోగ వైద్య పరీక్షల్లోకి వచ్చేశాయి. అయితే ఈ పుస్తకం లోపం ఉందో లేదో చెబుతుంది కాని, ఎంత ఉందో కచ్చితంగా చెప్పలేదు. ఆ లోపం ఫలానా ఉద్యోగానికి అడ్డమా అన్న ప్రశ్నకు అందులో జవాబే లేదు.

ఆ ప్రశ్నే కోర్టుకు చేరుతుంది. ప్రభుత్వం, ప్రభుత్వ రంగ సంస్థలు రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలకు, అంటే సమానత్వ సూత్రానికి కట్టుబడి ఉండాలి. అన్యాయం జరిగిందనుకున్న వ్యక్తి 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. న్యాయమూర్తులు కంటిని మళ్ళీ పరీక్షించరు. వైద్యుడు కనుగొన్న లోపానికీ, చేయాల్సిన పనికీ సంబంధం ఏమిటి? ఆ సంస్థలో ఆ మనిషి చేయగల వేరే పని లేదా? కోర్టు చూసేది వీటిని.

తమిళనాడు విద్యుత్ పంపిణీ సంస్థ అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగానికి ఎంపికైన ఒక యువకుణ్ణి వర్ణాంధత్వం కారణంగా తిరస్కరించింది. రంగుల తీగలతో పని కదా అని సంస్థ వాదం. హైకోర్టు డివిజన్ బెంచి అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 జాబితాలో వర్ణాంధత్వం లేకపోయినా, తగిన సర్దుబాటు చేయాలన్న సూత్రం వర్తిస్తుందని చెప్పి, ఉద్యోగం ఇవ్వమంది.

రెండో కేసు మన దగ్గరిదే. 2014లో ఆర్టీసీ డ్రైవరుగా చేరిన ఒకరికి తర్వాతి వైద్య పరీక్షలో వర్ణాంధత్వం బయటపడింది. 2016లో ఉద్యోగం నుండి తప్పించారు. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇవ్వాలని యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య 1979లోనే ఒప్పందం ఉంది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, వేరే ఉద్యోగం ఉందేమో వెతకాల్సిన బాధ్యత యాజమాన్యానిదే, కార్మికుడిది కాదని చెప్పింది. అదే వేతన స్థాయిలో తగిన పని ఇవ్వాలనీ, బకాయిల్లో 25 శాతం చెల్లించాలనీ తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది.

గమనించండి. అతణ్ణి మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోబెట్టమని కోర్టు అనలేదు. ప్రయాణికుల భద్రత అవసరమే. కాని డ్రైవరుగా పనికిరాని కన్ను, స్టోర్సులోనో ఆఫీసులోనో కూడా పనికిరాదని ఏ చుక్కల పుస్తకమూ చెప్పలేదు. వైద్యుడు రాసేది ఒక కంటి గురించి. దానిని మొత్తం మనిషికి అంటగట్టినప్పుడే అన్యాయం మొదలవుతుంది. ఆ తేడా గుర్తు చేయించడానికి ఈ ఇద్దరూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. డ్రైవరుకైతే తొమ్మిదేళ్ళకు పైగా పట్టింది.