గ్రస్తోదయ చంద్రగ్రహణము - శాసన కాలనిర్ణయము

దానశాసనమున చంద్రగ్రహణ ప్రసక్తి కన్పట్టినంతనే పరిశోధకుడు గ్రహణ పట్టికలను తిరుగవేయును. ఆ పూర్ణిమనాడు గ్రహణమున్నదని తేలినచో తృప్తి చెందును. కాని దాత ధారవోసిన చోట ఆ గ్రహణము కంటికి కనబడినదా అనునది వేఱు ప్రశ్న. గ్రహణము పగటివేళనే పట్టి, విడువకమునుపే చంద్రుడు ఉదయించుట కలదు. దీనిని మన జ్యౌతిషికులు గ్రస్తోదయమనిరి. తూర్పున సముద్రము, లోపల మాగాణి నేల గల బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతము దీనిని పరిశీలించుటకు అనువైనది.

ఇటీవలి ఉదాహరణము 2022 నవంబరు 8 నాటిది. అది కార్తిక పూర్ణిమ; మంగినపూడి తీరమున సముద్రస్నానములకు పేరుపడిన తిథి. భారత కాలమానము ప్రకారము ఆనాడు పాక్షిక గ్రహణము పగలు 2-39కి ఆరంభమై, సంపూర్ణ గ్రాసము 3-46 నుండి 5-12 వఱకు నిలిచి, 6-19కి మోక్షమైనది. బందరులో సూర్యాస్తమయము సుమారు 5-33. చంద్రోదయమును ఇంచుమించుగా అప్పుడే. కావున సంపూర్ణ గ్రాసము ఇచట కనబడుటకు వీలులేదు. మూడింట రెండుపాళ్లు నీడలో మునిగిన బింబమే కడలిపైకి వచ్చినది. మిగిలిన ముప్పాతిక గంట కాలమున నీడ తొలగిపోయినది. కలకత్తాలో చంద్రోదయము 4-52కే యగుటచే అచటివారికి సంపూర్ణ గ్రాసముయొక్క చివరి భాగము లభించినది. ఒకే గ్రహణము, ఒకే తూర్పు తీరము; చూచినది మాత్రము ఒకటి కాదు. 2026 మార్చి 3 నాటి ఫాల్గుణ పూర్ణిమా గ్రహణమును ఈ తీరమున గ్రస్తోదయమే. దాని మోక్షము 6-47, ఇచటి సూర్యాస్తమయము 6-13 ప్రాంతము.

దేశాంతర సంస్కారమునకు గల ప్రాముఖ్యము ఇందువలన తెలియును. ఉజ్జయినికిని బందరునకును నడుమ రేఖాంశ భేదము సుమారు 5.4 అంశలు, అనగా ఇరువదియొక నిమిషములకు పైబడి కాలము. మన లెక్కలో అది ఘడియకు ఆఱు విఘడియలు తక్కువ. ఉజ్జయినీ రేఖకు గట్టిన గణితమును సవరింపక వాడినచో, ఉదయకాలమున కనబడవలసిన గ్రహణము లేనట్లును, లేనిది ఉన్నట్లును తోచవచ్చును. బందరు, గుడివాడల నడుమ భేదము సుమారు అర నిమిషమే. దివిసీమయు అంతకు కొంచెము హెచ్చు. ఇచట రేఖాంశముకంటె క్షితిజమే ముఖ్యము. కడలియొడ్డున నీటిగీతపైననే బింబము కనబడును. గుడివాడ చేలగట్టున తాటితోపు అడ్డువచ్చును. చంద్రుడు రెండు అంశలు పైకెక్కుటకు ఎనిమిది తొమ్మిది నిమిషములు పట్టును గనుక, స్వల్ప గ్రాసమైనచో పల్లెవాడు చూచునది నిండు చంద్రునే.

చాక్షుష దర్శనము లేనిచో గ్రహణ పుణ్యకాలము లేదని ధర్మశాస్త్ర నిబంధకుల మతము. గ్రస్తోదయమున పుణ్యకాలము ఉదయము మొదలుకొని మోక్షము వఱకే. భోజన నిషేధము మాత్రము పగలంతయు వర్తించును. మన జనులు పట్టుస్నానము, విడుపుస్నానము అని రెండు చెప్పుదురు. ఇట్టి గ్రహణమున పట్టు అగపడదు, విడుపొక్కటియే అగపడును. దానకాలము ముప్పాతిక గంటకో అరగంటకో కుదించుకొనిపోవునన్నమాట. దాతకు ఆ వ్యవధి చాలును. గ్రహణము కనబడినదని నిరూపింపవలసిన చరిత్రకారునకే అది యిరుకు.

ఈ యిరుకు ఎంతవఱకు పోవునో తూర్పు చాళుక్యుల కాలనిర్ణయము తెలుపుచున్నది. పూర్వపు విశాఖపట్టణ మండలమునందలి చీపురుపల్లెలో దొరకిన మొదటి విష్ణువర్ధనుని తామ్రశాసనము పదునెనిమిదవ రాజ్యవర్షమునను, శ్రావణమాసమునను గల చంద్రగ్రహణమును పేర్కొనుచున్నది. ఫ్లీటు పండితుడు దీనిని క్రీ.శ. 632 జులై 7 నాటి గ్రహణముతో సరిపోల్చి, వేంగీరాజ్యారంభమును 615గా నిర్ణయించెను. తరువాతి చరిత్రకారులలో కొందఱు 624ను అంగీకరించిరి. ఆ పక్షమున పదునెనిమిదవ యేటి శ్రావణ గ్రహణమును 641-42 ప్రాంతమున చూపవలసియుండును. రాజుల పరిపాలనా వర్షములన్నియు ఈ ఆదిసంవత్సరముపై ఆధారపడియుండుటచే, గుద్రవార విషయమునకు, అనగా గుడివాడ సీమకు చెందిన తొలినాటి తామ్రశాసనముల కాలమును దీనితోనే కదలును.

ఇచట ఒక మెలిక కలదు. భూభ్రమణము క్రమముగా మందగించుటచే, ఏడవ శతాబ్దపు గ్రహణ సమయమును నేటి గడియారముతో వెనుకకు లెక్కించినపుడు గంటకు పైగా సవరణ చేయవలసివచ్చును. సూయల్ దొర 1898లో ప్రకటించిన చంద్రగ్రహణ పట్టికలు నేటికిని ఉపయోగకరములే. అయినను ఈ సవరణ విషయమున నేటి గణితమునకున్న నిర్దుష్టత ఆనాటి పట్టికలకు లేదు. గ్రహణము నడిరేయి సంభవించినచో ఈ భేదము బాధింపదు. గ్రస్తోదయమైనచో పది నిమిషములే సాక్ష్యమును నిలబెట్టును, లేదా పడగొట్టును. కావున గ్రహణ శాసనమును ఆధారముగా గొనువారు తిథి, మాసములతో ఆగక, ఆనాటి స్థానిక సూర్యాస్తమయమునకును మోక్షమునకును నడుమగల వ్యవధిని సవరణతో గుణించి చూడవలెను. ఆ గుణనము రేకులు దొరకిన చోటునకు గాక దానము జరిగిన చోటునకు చేయవలెను; రాతిశాసనము చాలవఱకు నిలిచిన చోటనే యుండును గాని తామ్రపత్రములు చేతులు మాఱి ఊళ్లు దాటును.