లారీ రేడియేటర్‌లో మారిన నీళ్లు

డీజిల్ లారీ ఇంజిన్‌లో మండే ఇంధనపు వేడిలో సగం కూడా చక్రాల దాకా చేరదు. కొంత పొగగొట్టంలోంచి పోతుంది. మరికొంత సిలిండర్ గోడలు దాటి, వాటి చుట్టూ తిరిగే ద్రవంలోకి దిగి, ముందున్న రేడియేటర్ దగ్గర గాలిలో కలుస్తుంది. ఆ ద్రవమే కూలెంట్. వందేళ్లలో దాని సరుకు చాలాసార్లు మారింది. ఆ మార్పుల్లో ఎక్కువ అమెరికా రోడ్ల మీద, అక్కడి ట్రక్కుల్లో జరిగాయి. చలికి విరుగుడుగా మొదలైన వెతుకులాట కొన్ని దశాబ్దాల్లోనే చలి సంగతి తేల్చేసి తుప్పు మీదికి మళ్లింది. ఒక లోహాన్ని కాపాడిన మందు ఇంకో లోహానికి చేటు చేయడం, దాన్ని సరిదిద్దబోయి కొత్త చిక్కు తెచ్చుకోవడం ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

వేడిని మోయడంలో నీటికి సాటి వచ్చే చవక ద్రవం లేదు. తొలి మోటారు బండ్లన్నీ నీళ్లతోనే నడిచాయి. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో చాలావాటికి నీళ్ల పంపు కూడా ఉండేది కాదు. వేడెక్కిన నీరు తనంతట తానే పైకి లేచి రేడియేటర్‌లోకి వెళ్లేది, చల్లబడ్డ నీరు కింది నుంచి ఇంజిన్‌లోకి వచ్చేది. చిక్కల్లా శీతాకాలంతోనే. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి పోత ఇనుప బ్లాక్ సైతం పగిలిపోతుంది. అందుకే చలి ప్రాంతాల డ్రైవర్లు రాత్రి బండి ఆపగానే నీళ్లు వదిలేసి, పొద్దున్నే కాచిన నీళ్లు పోసుకుని బయలుదేరేవారు.

గడ్డకట్టకుండా నీళ్లలో ఏమేం కలపవచ్చో అన్నీ కలిపి చూశారు. పంచదార, తేనె కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఎక్కువ కాలం నిలిచింది మిథైల్ ఆల్కహాల్. అది చవక. అయితే 65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి ఇంజిన్ వేడెక్కిన కొద్దీ ఆవిరై పోయేది. వారం పది రోజులకోసారి మళ్లీ పోయకపోతే రేడియేటర్‌లో ఒట్టి నీళ్లే మిగిలేవి. పైగా మంటలంటుకునే భయం ఒకటి. గ్లిజరిన్‌కు ఆ భయం లేదు గానీ అది చిక్కన, ఖరీదు కూడా ఎక్కువే.

ఇథిలీన్ గ్లైకాల్ కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చార్లెస్ అడాల్ఫ్ వుర్ట్జ్ 1856లోనే దాన్ని తయారుచేశాడు. అరవై ఏళ్ల పాటు దానితో ఎవరికీ పెద్దగా పనిపడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్లిజరిన్ కరవై, పేలుడు పదార్థాల కోసం దాని బదులు గ్లైకాల్‌ను వెతుక్కున్నారు. 1925లో యూనియన్ కార్బైడ్ సంస్థ అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. 1927 నుంచి ప్రెస్టోన్ పేరుతో అది రేడియేటర్లలోకి వచ్చింది. జర్మనీలో బీఏఎస్ఎఫ్ సంస్థ గ్లైసాంటిన్ పేరును 1929లో తీసుకొచ్చింది. గ్లైకాల్ 197 డిగ్రీల దాకా మరగదు. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. చిత్రం ఏమిటంటే, నీళ్లు లేని ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. రెండూ కలిస్తేనే బలం. ఆవిరై పోదు కాబట్టి దాన్ని పర్మనెంట్ యాంటీఫ్రీజ్ అని అమ్మారు. ఆ పేరులో ఆర్భాటమే ఎక్కువ. వేడికి, గాలికి గ్లైకాల్ మెల్లగా ఆమ్లాలుగా మారి లోహాన్ని తింటుంది. దాన్ని ఆపడానికి బోరాక్స్, ఫాస్ఫేట్ వంటి లవణాలు కలపాల్సి వచ్చింది. ఆనాటి కూలెంట్ ఆకుపచ్చ రంగులో ఉండేది. ఏడాదికో రెండేళ్లకో మార్చాల్సిందే.

కార్లకు ఇంతటితో సరిపోయింది. డీజిల్ ట్రక్కుకు మాత్రం వేరే రోగం పట్టుకుంది.

పెద్ద డీజిల్ ఇంజిన్లలో సిలిండర్‌ను బ్లాక్‌లోనే తొలచరు. విడిగా చేసిన ఇనుప గొట్టాన్ని, అంటే లైనర్‌ను, బ్లాక్‌లోకి దింపుతారు. దాని బయటి వైపు నేరుగా కూలెంట్ తగులుతుంది కాబట్టి దాన్ని వెట్ లైనర్ అంటారు. అరిగితే లైనర్ ఒక్కటే మార్చుకోవచ్చు. లక్షల మైళ్లు తిరిగే బండికి అది పెద్ద వెసులుబాటు. అయితే డీజిల్‌లో పేలుడు పెట్రోలు కంటే గట్టిది. ప్రతి పేలుడుకూ పిస్టన్ ఒక పక్కకు కొడుతుంది, లైనర్ సన్నగా అదురుతుంది. గోడ వెనక్కి లాగిన క్షణంలో అక్కడి ద్రవంలో ఒత్తిడి పడిపోయి ఆవిరి బుడగలు పుడతాయి. గోడ తిరిగి ముందుకు రాగానే అవి లోహం మీదే పగులుతాయి. దెబ్బ పడే చోటు సూది మొనంత, దాని బలం మాత్రం విపరీతం. లోహం మీది రక్షణ పొర లేచిపోతుంది. బయటపడ్డ ఇనుముకు తుప్పు పడుతుంది. ఆ తుప్పు మీద మళ్లీ దెబ్బ. దీన్నే కావిటేషన్ అంటారు. అలా దెబ్బతిన్న లైనర్‌ను బయటికి తీసి చూస్తే లోపలి వైపు నున్నగానే ఉంటుంది. బయటి వైపు, సరిగ్గా పిస్టన్ కొట్టే పక్కన, పై నుంచి కిందికి వరుసగా గుంటలు కనిపిస్తాయి. ఒక్క గుంట లోపలి దాకా తొలుచుకుపోయినా చాలు, కూలెంట్ సిలిండర్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంటుంది. అప్పటికి ఇంజిన్ విప్పక తప్పదు.

దీనికి మొదట వాడిన మందు క్రోమేట్. ఇనుమును బాగా కాపాడేది. కానీ అది విషం, పైగా గ్లైకాల్‌తో పొసగక బురద కట్టేది. దాని స్థానంలోకి నైట్రైట్ వచ్చింది. నైట్రైట్ ఇనుము మీద పలుచని, గట్టి ఆక్సైడ్ పొరను వేస్తుంది. బుడగ దెబ్బకు అది లేచిపోతే ఆ చోటే మళ్లీ వేస్తుంది. అలా వేస్తూ వేస్తూ తాను ఖర్చైపోతుంది. అందువల్ల కూలెంట్ మార్చే గడువు రాకముందే నైట్రైట్ మాత్రం మళ్లీ మళ్లీ కలపాలి. అమెరికా ట్రక్కు షెడ్లలో ఇదొక నిత్యకృత్యమైంది. కమ్మిన్స్ ఇంజిన్ కంపెనీ 1958లో పెట్టిన ఫ్లీట్‌గార్డ్ సంస్థ అమ్మిన డీసీఏ అనే మందు పేరు ఆ వృత్తిలో అందరి నోటా నానింది. కూలెంట్‌కు ప్రత్యేకంగా ఒక ఫిల్టర్ పెట్టి, అందులోనే మందు నింపి అమ్మేవారు. ఆయిల్ మార్చినప్పుడల్లా అదీ మార్చేవారు. మధ్యలో కాగితపు పట్టీ ఒకటి కూలెంట్‌లో ముంచి, దాని మీద తేలిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చి చూసేవారు. నైట్రైట్ సాధారణంగా 800 పీపీఎం కంటే తగ్గకూడదని లెక్క.

మెకానిక్కుల్లో చాలామంది మందు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకున్నారు. తక్కువైతే లైనర్‌కు బెజ్జాలు పడేవి నిజమే. ఎక్కువైతే లవణాలు పేరుకుని వాటర్ పంప్ సీలు కోసుకుపోయేది, రేడియేటర్ సోల్డర్ అతుకులు చెడేవి. ఇది పెద్ద ట్రక్కులతో ఆగిపోలేదు. 1983 నుంచి ఇంటర్నేషనల్ కంపెనీ ఫోర్డ్ పికప్‌ల కోసం చేసిన 6.9 లీటర్ల డీజిల్‌లో, దాని తర్వాతి 7.3 లీటర్ల దానిలో విడి లైనర్లు లేవు. సిలిండర్ గోడకే బెజ్జం పడితే మార్చడానికి లైనర్ ఉండదు, బ్లాక్ మీదికే వస్తుంది. సొంత పికప్ కొనుక్కున్న రైతులు కూడా ఆ కాగితపు పట్టీలు కొని దాచుకోవలసి వచ్చింది.

ఈలోగా కార్లలో అల్యూమినియం పెరిగింది. అల్యూమినియానికి నైట్రైట్ ఏ మేలూ చేయదు. దానికి కావలసింది సిలికేట్. 1970లు, 80లలో కార్ల కంపెనీల కోరిక మీద యాంటీఫ్రీజ్‌లో సిలికేట్ పెంచారు. అదే డబ్బా ట్రక్కుల్లోకీ వెళ్లింది. ట్రక్కులో అప్పటికే కలుపుతున్న మందులోనూ సిలికేట్ ఉంది. రెండూ కలిసి మోతాదు దాటాక, చల్లబడ్డ చోటల్లా ఆకుపచ్చ జిగురు ముద్దకట్టింది. రేడియేటర్ గొట్టాలు, క్యాబిన్ హీటర్లు పూడిపోయాయి. దాంతో ట్రక్కులకు వేరుగా, సిలికేట్ తక్కువ ఉండే కూలెంట్ కావాలని తేలింది. ప్రమాణాలు నిర్ణయించే ఏఎస్‌టీఎం సంస్థ డి 4985 ప్రమాణం ఇందుకోసమే వచ్చింది. కార్ల సరుకు, ట్రక్కుల సరుకు అధికారికంగా విడిపోయింది అక్కడే.

ఇదే సమస్యను ఒక్కో దేశం ఒక్కోలా చూసింది. యూరప్‌లో చాలాచోట్ల నీళ్లు కఠినజలం. ఫాస్ఫేట్ ఆ నీటిలోని కాల్షియంతో కలిసి పెచ్చు కడుతుందని దాన్ని దూరం పెట్టారు. నైట్రైట్, అమైన్లు కలిస్తే క్యాన్సర్ కారకాలు పుడతాయన్న భయం కూడా అక్కడ బలంగా ఉండేది. జపాన్ కంపెనీలు పంపు సీళ్లు అరుగుతాయని సిలికేట్‌ను వద్దనుకుని ఫాస్ఫేట్‌ను ఉంచుకున్నాయి. ఎవరి కారణం వారికి సబబే. ఫలితంగా ఒక దేశపు డబ్బా ఇంకో దేశపు బండికి పనికిరాకుండా పోయింది.

1990లలో వచ్చిన సేంద్రియ ఆమ్లాల కూలెంట్ ఈ లెక్కలన్నీ తిరగరాసింది. పాత లవణాలు లోహం అంతటా దుప్పటి కప్పుతాయి కాబట్టి త్వరగా తరుగుతాయి. ఈ ఆమ్లాల నుంచి వచ్చే కార్బాక్సిలేట్లు తుప్పు మొదలైన చోటికే వెళ్లి అంటుకుంటాయి, మిగతా చోట ఖర్చు కావు. అందువల్ల ఏళ్ల తరబడి నిలుస్తాయి. జనరల్ మోటార్స్ 1995లో డెక్స్‌కూల్ పేరుతో నారింజ రంగు ద్రవాన్ని కార్లకు పెట్టింది. ట్రక్కుల వైపు కాటర్‌పిల్లర్ ఈఎల్‌సీ అనే ఎర్రటి కూలెంట్ తెచ్చింది. 3 లక్షల మైళ్ల దగ్గర ఒకసారి ఎక్స్‌టెండర్ అనే అదనపు మందు పోస్తే 6 లక్షల మైళ్ల దాకా మార్చనక్కర్లేదని దాని హామీ. ఈ కొత్త కూలెంట్లలో కొన్ని రకాల్లో లైనర్ల కోసం నైట్రైట్ కొంత ఉంచారు. మాటిమాటికీ పట్టీ ముంచి చూసే పని తగ్గింది. వందల ట్రక్కులున్న కంపెనీకి అది చిన్న ఆదా కాదు. డెక్స్‌కూల్ కథ మాత్రం అంత సాఫీగా నడవలేదు. కొన్ని ఇంజిన్లలో బురద కట్టిందని, గ్యాస్కెట్లు పోయాయని యజమానులు కోర్టుకెక్కారు. ఆ కేసులు 2008లో రాజీతో ముగిశాయి.

పాత ద్రవం నుంచి కొత్త ద్రవానికి మారడం ఒక ప్రత్యేకమైన పనిగా మారింది ఈ దశలోనే. అంతకుముందు వదిలేసి పోసుకుంటే సరిపోయేది. ఇప్పుడు బ్లాక్‌లో మిగిలిన పాత ద్రవమే కొత్త దాని ఆయుష్షు తినేస్తుంది. కాటర్‌పిల్లర్ ఈఎల్‌సీలో పాతది 10 శాతం మించితే ఇక దాన్ని మామూలు కూలెంట్‌గానే లెక్కగట్టి, మామూలు గడువుకే మార్చాలని చెప్పింది. రేడియేటర్ అడుగు మర తిప్పితే బయటికొచ్చేది మొత్తంలో కొంత భాగమే. బ్లాక్ పక్కన ఉండే ప్లగ్గులు కూడా విప్పాలి. హీటర్ వాల్వు తెరిచి, మంచినీళ్లు పోసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఇంజిన్ నడిపి, చల్లారాక వదలాలి. తేటగా వచ్చే దాకా ఇదే వరస. చివరి కడుగుడు డిస్టిల్డ్ వాటర్‌తో. ఎంత వదిలినా కడిగిన నీళ్లు లోపల కొన్ని లీటర్లు నిలిచే ఉంటాయి. అందుకే అనుభవమున్నవారు ముందు మొత్తం పట్టే దానిలో సగానికి సరిపడా చిక్కటి కూలెంట్ పోసి, ఆ తర్వాతే నీళ్లతో నింపుతారు. ఇంకొక సంగతి చాలామంది మరిచిపోయేవారు. మందు నింపిన పాత ఫిల్టర్‌ను అలాగే వదిలేస్తే అది కొత్త ద్రవంలోకి పాత లవణాలు వదులుతూనే ఉంటుంది. దాని చోట మందు లేని ఖాళీ ఫిల్టర్ బిగించాలి.

2002 అక్టోబరు నుంచి అమెరికా ట్రక్కుల్లో పొగను చల్లబరిచి తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ పద్ధతి విస్తరించింది. ఆ పొగ వేడి కూడా కూలెంటే మోయాలి. 2003లో వచ్చిన ఫోర్డ్ 6.0 లీటర్ల డీజిల్‌లో ఆయిల్ కూలర్ సన్నని దారులు పూడుకుపోవడం, వెనకే ఈజీఆర్ కూలర్ పగలడం పేరుమోసిన రోగం. పోతపోసినప్పటి ఇసుక మిగిలిందని కొందరు, ఫోర్డ్ నింపిన బంగారు రంగు కూలెంట్‌లోని సిలికేట్ విడిపోయిందని కొందరు కారణం చెప్పారు. చాలామంది యజమానులు ఆ కూలెంట్ వదిలేసి, కాటర్‌పిల్లర్ ఈసీ-1 ప్రమాణానికి సరిపోయే ఎర్ర ద్రవానికి మారిపోయారు. కాటర్‌పిల్లర్ 2010లో రోడ్డు ట్రక్కుల ఇంజిన్ల వ్యాపారమే మానుకుంది. ఈసీ-1 పేరు మాత్రం వేరే కంపెనీల డబ్బాల మీద నిలిచిపోయింది. రేడియేటర్లు, కూలర్లు అల్యూమినియం అయ్యాక నైట్రైట్ మీద కూడా అనుమానం వచ్చింది. అది అమోనియాగా మారి అల్యూమినియాన్ని తింటుందని గమనించారు. డెట్రాయిట్, వోల్వో వంటి సంస్థలు నైట్రైట్ లేని ద్రవాలకు మళ్లాయి. లైనర్లను కాపాడిన మందే చివరికి ఇలా బయటికి పోయింది.

తెలుగు నేల మీద లారీ కథ వేరు. 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో తయారైన టాటా-బెంజ్ లారీలు, మద్రాసు లేలాండ్లు ఇక్కడ దశాబ్దాల పాటు బోరు నీళ్లు, చెరువు నీళ్లు తాగి తిరిగాయి. గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ చలిదేశాల సరుకన్న నమ్మకం స్థిరపడింది. ఉప్పు నీళ్లకు గొట్టాల్లో పెచ్చులు కట్టి, ఎండాకాలం ఘాట్ ఎక్కేసరికి బండి హీటెక్కేది. ఆటోనగర్ రేడియేటర్ షాపుల్లో రాగి రేడియేటర్ ట్యాంకు ఊడదీసి, ఒక్కో గొట్టంలో సన్నని ఊచ దూర్చి పెచ్చులు తీసి, మళ్లీ సోల్డర్ పెట్టి ఇచ్చేవారు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్‌కు ఆ వైద్యం కుదరదు. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు దేశమంతటికీ వచ్చాక, ఈజీఆర్ కూలర్లున్న లారీల్లో బోరు నీళ్లు పోయడం ఇంజిన్‌ను చేతులారా చంపుకోవడమే. కూలెంట్ పోసేవారు కూడా ఇప్పటికీ చాలామంది రంగు చూసే కొంటున్నారు. పచ్చ, ఎరుపు, నారింజ, పసుపు అన్నవి తయారీదారు కలిపిన అద్దకాలే. ఏ రంగులో ఏ రసాయనం ఉండాలో చెప్పే, అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు. చూడాల్సింది బండి పుస్తకంలోని ప్రమాణం సంఖ్య, డబ్బా వెనక అదే సంఖ్య.