చంద్రుడిపై వస్తువుల గమనం: గెలీలియో నుంచి విక్రమ్ దాకా

ఖరగ్‌పూర్ పక్కనున్న సాలువాలో వైమానిక స్థావరం ఉంది. ఈ ప్రాంతపు రన్‌వేల మీద 1944లో అమెరికా బి-29 బాంబర్లు దిగేవి. రెక్కలను మోసే గాలి ఉంది కాబట్టి అంత బరువైన విమానమూ మెల్లగా నేల తాకగలిగింది. మరి గాలే లేని చంద్రుడిపై వస్తువు ఎలా దిగుతుంది, ఎలా లేస్తుంది? సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్‌కు ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

చారిత్రక నేపథ్యం

గాలి అడ్డు లేకపోతే బరువైన వస్తువూ, తేలికైన వస్తువూ ఒకే తీరుగా పడతాయని గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథంలో వాదించాడు. రాయిని కిందికి లాగే బలమే చంద్రుణ్ణి కక్ష్యలో నిలుపుతోందని న్యూటన్ 1687లో ‘ప్రిన్సిపియా’లో చూపాడు. 1971 ఆగస్టు 2న అపోలో-15 కమాండర్ డేవిడ్ స్కాట్ చంద్రుడిపై నిలబడి ఒక సుత్తిని, ఒక డేగ ఈకను ఒకేసారి వదిలాడు. రెండూ కలిసే నేల తాకాయి. గెలీలియో మాటకు 333 ఏళ్ల తర్వాత కెమెరా సాక్ష్యం పలికింది.

అక్కడి గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 1.62 మీటర్లు, భూమిపై 9.8. అంటే దాదాపు ఆరో వంతు. 1.6 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన వస్తువు భూమిపై 0.57 సెకన్లలో పడితే, అక్కడ 1.4 సెకన్లు తీసుకుంటుంది.

అభ్యర్థులు తడబడే చోటు

చంద్రుడిపై తగ్గేది భారం మాత్రమే. ద్రవ్యరాశి, దానితోపాటు జడత్వం మారవు. 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ భారం భూమిపై సుమారు 255 న్యూటన్లు, అక్కడ 42 న్యూటన్లు. ద్రవ్యరాశి మాత్రం రెండు చోట్లా 26 కిలోలే. కాబట్టి తేలిక అంటే సులువు అని కాదు. కదిలే వస్తువును ఆపడం అక్కడా అంతే కష్టం.

మన అనుభవం

2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ దిగే దశలో అదుపు తప్పి చంద్రుణ్ణి గట్టిగా ఢీకొట్టింది. ఆ పాఠంతో కాళ్లను బలపరిచారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో తాకినా తట్టుకునేలా చంద్రయాన్-3ను తీర్చారు. భూమిపై 46 సెంటీమీటర్ల నుంచి పడితే వచ్చే వేగమిది. చంద్రుడిపై దాదాపు 2.8 మీటర్ల నుంచి పడితే గాని రాదు.

హౌరా-చెన్నై రైలు మార్గంలో ఖరగ్‌పూర్ తెలుగువారు దాటే సూళ్లూరుపేట స్టేషనే శ్రీహరికోటకు దారి. అక్కడి నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న దిగింది. 30 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు సుమారు 1.68 కిలోమీటర్లున్న వేగాన్ని ఇంజిన్లే తగ్గించాయి. పారాచూట్‌కు గాలి లేదు. తక్కువ గురుత్వం ఆ వేగాన్ని తగ్గించదు.

సెప్టెంబరు 3న విక్రమ్ తన ఇంజిన్లను మళ్లీ మండించి సుమారు 40 సెంటీమీటర్లు లేచి, 30-40 సెంటీమీటర్ల అవతల క్షేమంగా దిగింది. చూడటానికి చిన్న గెంతు. కానీ దిగిన యంత్రం తిరిగి లేవగలదని అది చూపింది. చంద్రశిలలను భూమికి తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ ప్రయాణానికి కావాల్సిన తొలి అడుగు ఈ గెంతే.

ముగింపు

మెయిన్స్ జవాబులో తేదీల వరుసతో ఆగకండి. గెలీలియో ఊహ, స్కాట్ ప్రదర్శన, విక్రమ్ గెంతు అనే మూడు మెట్లను కలిపి, ‘భారం తగ్గుతుంది, జడత్వం తగ్గదు’ అన్న సూత్రంతో ముడివేయండి.