కాపలా పువ్వుకే కాపలా

అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో, బత్తలపల్లి చుట్టుపక్కల ఈతచెట్టుకు రాత్రి ముంత కడితే తెల్లారేసరికి దిగే కల్లు తియ్యన. పొద్దెక్కేకొద్దీ పులుపెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేం. గీసే ఈడిగలకు దాన్ని నిలవబెట్టే అవసరమూ పెద్దగా రాలేదు, మర్నాడు మళ్లీ దిగుతుంది కదా.

యూరప్ చలిదేశాల్లో అలా కుదరదు. వేసవిలో కాచిన బీరు చెడిపోయేది, అందుకని చలికాలంలోనే కాచి నెలల తరబడి దాచేవారు. అక్కడ అక్కరకొచ్చింది హాప్స్ అనే తీగ పువ్వు. గంజాయి కుటుంబపు మొక్కే గాని ఆ మత్తు దీనికి లేదు. ఆడపువ్వు రేకుల మొదట్లో పసుప్పచ్చని పొడి ఉంటుంది. చేదూ, వాసనా అందులోవే. బీరును పుల్లబరిచే బాక్టీరియాను ఆ చేదే అణిచిపెడుతుంది.

822లో ఫ్రాన్స్‌లోని కోర్బీ మఠాధిపతి అడాల్‌హార్డ్ రాతల్లో బీరుకోసం హాప్స్ ప్రస్తావన ఉంది. 12వ శతాబ్దంలో జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్, దీని చేదు పానీయాలను చెడనివ్వదని రాసింది. 18వ శతాబ్దం చివర లండన్ బో బ్రూవరీ యజమాని హాడ్జ్‌సన్ బీరు ఈస్టిండియా కంపెనీ ఓడలెక్కి మన దేశానికి వచ్చేది. ఆఫ్రికాను చుట్టి నెలల తరబడి సాగే ఆ ప్రయాణానికి పీపాల్లో హాప్స్ దండిగా పడేవి. 1915లో థామస్ లీష్‌మన్ దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. బీరు ఇక్కడే తయారైనా, పూతకు పొడుగాటి వేసవి పగళ్లు కావాలి గనుక హాప్స్ మాత్రం మన మెట్టల్లో కాసేది కాదు.

విచిత్రమేమంటే, బీరును కాపాడే ఈ పువ్వు తనను తాను కాపాడుకోలేదు. పచ్చిపువ్వులో ముప్పాతికకు పైగా నీరే. ఇంగ్లండులో కెంట్ రైతులు బట్టీల్లో తేమ పదోవంతుకు దిగేదాకా ఆరబెట్టి, గంధకం పొగ పట్టించి, పొడుగు సంచుల్లో బిగించి కూరేవారు. అయినా ఏడాది తిరిగితే ధర పడిపోయేది. హిందూపురం మార్కెట్లో చింతపండు రంగు చూసి కొత్తదా పాతదా చెప్పినట్టే, అక్కడి వ్యాపారులు పువ్వును నలిపి వాసన చూసి వయసు పట్టేసేవారు.

గాలి తగిలితే చేదు ఆమ్లాలు ఆక్సీకరణం చెందుతాయి, సువాసన నూనెలు ఎగిరిపోతాయి, చివరికి మిగిలేది పాత చీజ్ కంపు. 1979లో నికర్సన్, లైకెన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అతినీలలోహిత కాంతితో ఈ క్షీణతను కొలిచే సూచిక తెచ్చారు. రకాన్ని బట్టీ తేడా ఉంది: 1972లో వచ్చిన కాస్కేడ్ 20 డిగ్రీల దగ్గర ఆరు నెలలుంటే చేదు సగానికి పడిపోతుంది, మాగ్నమ్ చాలావరకు నిలుపుకుంటుంది.

ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు ఇది జేబుకు సంబంధించిన లెక్క. ఆంధ్రాలో లైసెన్సు లేనిదే మద్యం తయారీ నేరం. అమెరికాలో మాత్రం 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు ఫెడరల్ అనుమతి దొరికింది. మనవాళ్లు బాగా స్థిరపడ్డ సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయే అమెరికా హాప్స్‌కు పుట్టిల్లు లాంటిది. అక్కడి ఔత్సాహికులు వాడే మోటు లెక్క ఒకటుంది: వేడి 15 డిగ్రీలు తగ్గితే చెడే వేగం సగమవుతుంది. మే నెలలో బత్తలపల్లి ఇంట్లో 42 డిగ్రీలుంటే, ఫ్రీజర్లో మైనస్ 18. తేడా 60 డిగ్రీలు, అంటే పదహారు రెట్లు నెమ్మది. గాలి తీసేసిన అల్యూమినియం పొర సంచీ అయితే ఇంకా మేలు. విప్పాక క్లిప్పు పెట్టి ఫ్రిజ్ తలుపులో పడేస్తే మాత్రం డబ్బు దండగే.

బెల్జియం లాంబిక్ బీరువాళ్లది మరో దారి. హాప్స్‌ను కావాలనే రెండు మూడేళ్లు మగ్గబెడతారు. చేదూ వాసనా చాలావరకు పోతాయి, బాక్టీరియాను అదుపులో పెట్టే గుణం కొంత మిగులుతుంది. ఏళ్లపాటు చెక్కపీపాల్లో పులిసే ఆ బీరుకు వాళ్లు కోరేది అంతే.