బాబాయి ఎగ్గొట్టిన ఎలక్టివ్

ఆఫీసులో సీసీఎన్‌పీ ఎంటర్‌ప్రైజ్ పూర్తి చెయ్యమన్నారు. నేను రాసేది కోడే అయినా, ఆ కోడ్ నడిపేది నెట్‌వర్క్ పరికరాలని కాబట్టి తప్పదు. సిస్కో 2020 ఫిబ్రవరిలో పెట్టిన పద్ధతి ప్రకారం ఒక కోర్ పరీక్ష, ఒక కాన్సంట్రేషన్ పరీక్ష రాయాలి. కాన్సంట్రేషన్ అంటే మన భాషలో ఎలక్టివే. కోర్ గట్టెక్కాను. ఇక మిగిలింది రౌటింగా, ఎస్‌డీ-వ్యానా అన్నది. వారం రోజులు కొట్టుమిట్టాడి మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన 1999లో అమీర్‌పేటలో ఎమ్‌సీఎస్ఈ చదివినవాడు.

"ఏది తేలికైతే అది రాసెయ్యకురా. నేను చేసిన తప్పు అదే" అన్నాడు.

ఆయన కథ చెప్పేముందు కాస్త చరిత్ర. ఎన్‌టీ 4.0 మీద ఎమ్‌సీఎస్ఈ కావాలంటే ఆరు పరీక్షలు. నాలుగు కోర్, రెండు ఎలక్టివ్. కోర్‌లో నెట్‌వర్కింగ్ ఎసెన్షియల్స్, వర్క్‌స్టేషన్, సర్వర్, ఎంటర్‌ప్రైజ్‌లో సర్వర్ ఉండేవి. ఎలక్టివ్‌ల జాబితాలో ఎక్స్‌చేంజ్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఐఐఎస్, ప్రాక్సీ సర్వర్, ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేములతో మాట్లాడే ఎస్ఎన్ఏ సర్వర్. వాటి పక్కనే ఇంకొకటి: టీసీపీ/ఐపీ!

అవును, ఇవాళ మనం ఊపిరిలా వాడుకునే టీసీపీ/ఐపీ అప్పుడు ఐచ్ఛికం. బిల్ గేట్స్ ఇంటర్నెట్టే ముఖ్యమంటూ తన వాళ్ళకి మెమో రాసింది 1995 మే 26న. ఎన్‌టీ 4.0 వచ్చింది 1996లో. అయినా పరీక్షల పట్టికలో ఇంటర్నెట్ ప్రోటోకాల్ ఇష్టముంటే చదువుకునేదిగానే ఉండిపోయింది. ఇందులో వింతేం లేదు లెండి. అప్పటి ఆఫీసుల్లో నోవెల్ నెట్‌వేర్ ఐపీఎక్స్ మీద నడిచేది. నోవెల్ కూడా నేరుగా ఐపీ మీద నడిచే నెట్‌వేర్ 5 తెచ్చింది 1998లోనే.

మళ్ళీ బాబాయి దగ్గరికొద్దాం. టీసీపీ/ఐపీ అంటే సబ్‌నెట్ మాస్కుల లెక్కలు. చాలామంది ధైర్యం చేసి అదే రాసేవారట. మా బాబాయికి లెక్కలంటే భయం. కోచింగ్ సెంటర్లో "ప్రాక్సీ తేలిక, ఐఐఎస్ తేలిక" అన్నారు, ఈయన ఆ రెండూ రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఇంట్లో పటం కూడా కట్టించారు.

2000 ఫిబ్రవరి 17న విండోస్ 2000 వచ్చింది. అందులో కొత్తగా యాక్టివ్ డైరెక్టరీ. అది డీఎన్ఎస్ లేకుండా అడుగు వెయ్యదు. డీఎన్ఎస్‌కి కింద టీసీపీ/ఐపీ ఉండాల్సిందే. దాంతో డీఎన్ఎస్, డీహెచ్‌సీపీ, టీసీపీ/ఐపీ కలిపి ఒక పరీక్ష చేసి కోర్‌లోకి తెచ్చేశారు. ఐచ్ఛికం కాస్తా తప్పనిసరి అయిపోయింది.

పైగా 2001 డిసెంబర్ 31 తర్వాత ఎన్‌టీ 4.0 సర్టిఫికెట్లు చెల్లవని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పాతవాళ్ళకి నాలుగు కోర్ పరీక్షల బదులు ఒకే పరీక్ష, ఉచితంగా పెట్టింది. కానీ ఒక్కటే అవకాశం. బాబాయి రాశాడు, పోయింది. రెండేళ్ళ కిందట తప్పించుకున్న సబ్‌నెట్లే వడ్డీతో సహా ఎదురొచ్చాయి మరి! తర్వాత విడివిడిగా నాలుగూ, ఫీజు కట్టి రాసుకున్నాడు. తమాషా ఏంటంటే, గోల ఎక్కువై మైక్రోసాఫ్టే 2001లో వెనక్కి తగ్గింది, పాత సర్టిఫికెట్లు చెల్లుతాయని చెప్పింది. అప్పటికే బాబాయి డబ్బులు ఖర్చయిపోయాయి.

ఆ తర్వాత ఎలక్టివ్‌లు కూడా తగ్గాయి. విండోస్ 2000కి ఐదు కోర్, రెండు ఎలక్టివ్. సర్వర్ 2003కి ఆరు కోర్, ఒక్క ఎలక్టివ్. బాబాయి రాసిన ప్రాక్సీ సర్వర్ పేర్లు మార్చుకుంటూ వచ్చి 2012లో ఆగిపోయింది. ఐఐఎస్ మాత్రం విండోస్‌లో ఇంకా ఉంది, కాబట్టి ఆయన శ్రమంతా వృథా అనలేం. ఇక ఎమ్‌సీఎస్ఈ పేరే 2021 జనవరి 31తో చరిత్రలో కలిసింది. సబ్‌నెట్ లెక్క మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

నాకర్థమైంది ఇదీ. ఎలక్టివ్‌ల జాబితా అంటే, ఏది లేకపోయినా పని నడుస్తుందని ఆనాటి కంపెనీ అనుకుందో దానికి రికార్డు. ఆ అంచనా తప్పొచ్చు. కాబట్టి ఏది తేలిక, ఏది కొత్త అని కాకుండా, దేని మీద మిగతావి నిలబడ్డాయని అడగాలి.

ఎస్‌డీ-వ్యాన్ మా టీములో రోజూ వాడేదే, రాస్తే నెలలో అయిపోతుంది, అప్రైజల్‌కి పనికొస్తుంది. రౌటింగ్‌లో బీజీపీ చూస్తే నాకు బాబాయి భయమే పట్టుకుంటుంది. కానీ ఎస్‌డీ-వ్యాన్ కింద ఉన్నది ఆ రౌటింగే కదా. అందుకే నిన్న రాత్రి రౌటింగ్‌కి ఫీజు కట్టేశాను. అప్రైజల్‌కి అందుతుందన్న ఆశ లేదు.

బాబాయికి చెబితే, "ఫెయిలైతే నన్ను తిట్టుకోకు" అన్నాడు. చూద్దాం!