ఆటోలోడ్ నిర్వచనాల తయారీ (ఈమాక్స్ లిస్ప్)

ఆటోలోడ్ అంటే ఒక లిస్ప్ ఫంక్షన్ పేరును ముందే నమోదు చేసి ఉంచి, దాని కోడ్ ఉన్న ఫైలును ఆ పేరుతో మొదటిసారి పని పడినప్పుడు మాత్రమే మెమరీలోకి తెచ్చే ఏర్పాటు. పేరు ఏ ఫైలుకు చెందిందో చెప్పే చిన్న వాక్యమే ఆటోలోడ్ నిర్వచనం. ఈ వాక్యాలను ప్రోగ్రామర్ చేత్తో రాయనక్కర లేకుండా, సోర్స్ ఫైళ్లను వెతికి యంత్రమే రాసే పద్ధతి ఈమాక్స్ ఎడిటర్‌లో 1991 నుంచి ఉంది. ఈమాక్స్‌లో తెలుగు టైపు చేయడానికి ఉన్న ఇన్‌పుట్ పద్ధతులు కూడా ఇదే సూత్రంతో, అవసరమైనప్పుడే మెమరీలోకి వస్తాయి.

నేపథ్యం

జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్ రూపకల్పన మొదలుపెట్టాడు. లిస్ప్ ప్రోగ్రామ్ నడుస్తూ ఉండగానే కొత్త ఫైలును చదివి, అందులోని ఫంక్షన్లను తనలో కలుపుకోగలదు. ఆటోలోడ్‌కు పునాది ఈ గుణమే. ఎంఐటీలో పీడీపీ-10 యంత్రాల మీద నడిచిన మాక్‌లిస్ప్‌లో ఆటోలోడ్ సదుపాయం ఉండేది. ఆ యంత్రం మెమరీ చిరునామా పొడవు 18 బిట్లు. అంటే ఒక ప్రోగ్రామ్‌కు అందే చోటు 2,62,144 వర్డ్‌లు మాత్రమే. అంత ఇరుకులో అన్ని ఫంక్షన్లనూ ముందే నింపుకోవడం కుదరదు కాబట్టి, ఫంక్షన్ పేరు పక్కన ఫైలు పేరును గుర్తుగా పెట్టి, పిలుపు వచ్చినప్పుడు తెచ్చుకునేవారు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1984లో మొదలుపెట్టి 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్ ఈ సంప్రదాయాన్ని అందుకుంది. ఈమాక్స్ కేంద్ర భాగం సీ భాషలో ఉంటుంది. మెయిల్, క్యాలెండర్, క్యాలుక్యులేటర్, పైథాన్ మోడ్ వంటివన్నీ ఈమాక్స్ లిస్ప్‌లో రాసినవే. నేటి ఈమాక్స్‌తో పాటు వెయ్యికి పైగా లిస్ప్ ఫైళ్లు వస్తాయి. ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ వాటన్నిటినీ చదివితే మొదలవడానికే చాలా సమయం పడుతుంది, మెమరీ వృథా అవుతుంది. వాడేవాడికి మాత్రం ప్రతి కమాండూ సిద్ధంగా ఉన్నట్టే కనిపించాలి. ఈ రెంటినీ కుదిర్చేది ఆటోలోడ్.

పనిచేసే తీరు

ఈమాక్స్ లిస్ప్‌లో ప్రతి సింబల్‌కూ ఫంక్షన్‌ను దాచుకునే గడి ఒకటి ఉంటుంది. 'ఆటోలోడ్' అనే ఫంక్షన్ ఆ గడిలో కోడ్‌కు బదులు ఒక ఆటోలోడ్ వస్తువును పెడుతుంది. అందులో నాలుగు సంగతులు ఇమిడి ఉంటాయి: ఫైలు పేరు, ఫంక్షన్ ఏం చేస్తుందో చెప్పే వివరణ, దాన్ని కమాండ్‌గా నేరుగా పిలవవచ్చా లేదా అన్న సూచన, అది మామూలు ఫంక్షనా, మ్యాక్రోనా, కీమ్యాపా అన్న రకం. వివరణ ముందే నమోదై ఉంటుంది కాబట్టి, ఫైలు లోడ్ కాకముందే సహాయ కమాండ్ ఆ ఫంక్షన్ గురించి చెప్పగలదు.

పేరు పిలిచినప్పుడు గడిలో ఆటోలోడ్ వస్తువు కనిపిస్తే ఈమాక్స్ ఆ ఫైలును చదువుతుంది. ఫైలులోని అసలు నిర్వచనం గడిలోకి వచ్చి పాతదాన్ని తొలగిస్తుంది. ఆ వెంటనే అసలు ఫంక్షన్ నడుస్తుంది. రెండోసారి నుంచి ఫైలుతో పని లేదు. ఫైలు చదివాక కూడా ఆ పేరుకు నిర్వచనం దొరకకపోతే, ఫైలు ఆ ఫంక్షన్‌ను నిర్వచించలేదని ఈమాక్స్ దోష సందేశం ఇస్తుంది. చదువుతుండగా మధ్యలో దోషం వస్తే, అప్పటిదాకా జరిగిన ఫంక్షన్ నిర్వచనాలను వెనక్కి తీసుకుంటుంది. అందువల్ల తర్వాతి పిలుపు మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది. ఒక పేరుకు అసలు నిర్వచనం ఇప్పటికే ఉంటే, దాని మీద ఆటోలోడ్ పెట్టబోయినా ఏమీ మారదు.

గుర్తు వ్యాఖ్య

మొదట్లో ఆటోలోడ్ వాక్యాలను చేత్తో ఒకచోట రాసేవారు. దీనితో ఒక చిక్కు ఉంది. ఫంక్షన్ ఒక ఫైలులో, దాని నమోదు మరో ఫైలులో ఉంటే, ఒకటి మార్చినవారు రెండోది మరిచిపోతారు. పేరు మారినా, ఫంక్షన్ వేరే ఫైలుకు వెళ్లినా, వివరణ తిరగరాసినా నమోదు పాతదే మిగిలిపోతుంది. రోలండ్ మెగ్రాత్ 1991లో రాసిన ఆటోలోడ్ ప్యాకేజీ ఈ చిక్కును తీర్చింది. అందులో ప్రోగ్రామర్ చేయవలసింది ఒక్కటే. బయటివారు నేరుగా పిలిచే ఫంక్షన్‌కు సరిగ్గా పై వరుసలో ఒక ప్రత్యేక వ్యాఖ్య పెట్టాలి. మూడు సెమికోలన్లు, మూడు హ్యాష్ గుర్తులు, ఆ వెంటనే 'ఆటోలోడ్' అనే మాట ఉంటే అది గుర్తు వ్యాఖ్య. లిస్ప్‌కు అది మామూలు వ్యాఖ్యే కాబట్టి కోడ్ నడకకు అడ్డు రాదు. తయారీ ప్రోగ్రామ్‌కు మాత్రం అది ఆదేశం.

ఉదాహరణకు, లింగంపల్లి నుంచి వచ్చే ఎంఎంటీఎస్ రైళ్లు చందానగర్‌లో ఆగే వేళలను చూపే చిన్న లిస్ప్ ఫైలును ఊహించవచ్చు. ఈమాక్స్ లిస్ప్ సింబల్ పేర్లలో తెలుగు అక్షరాలను అనుమతిస్తుంది. కింది నమూనాలో లిస్ప్ ఆదేశాలనూ చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే చూపడం జరిగింది:

;;;###ఆటోలోడ్
(డీఫన్ చందానగర్-రైళ్లు ()
  "చందానగర్‌లో తర్వాత ఆగే రైళ్లను చూపుతుంది."
  (ఇంటరాక్టివ్)
  (ఎంఎంటీఎస్--పట్టిక-చూపు "చందానగర్"))

ఇదే ఫైలులో పట్టిక చదివేందుకు, వేళలు లెక్కగట్టేందుకు మరికొన్ని సహాయక ఫంక్షన్లు ఉంటాయి. వాటికి గుర్తు పెట్టరు. పేరులో రెండు అడ్డగీతలు ఉంటే అది ఫైలు లోపలి వాడుకకే అని ఈమాక్స్ ప్రోగ్రామర్ల ఆనవాయితీ. తయారీ ప్రోగ్రామ్ ఈ ఫైలును చదివి రాసే వాక్యం ఇలా ఉంటుంది:

(ఆటోలోడ్ 'చందానగర్-రైళ్లు "ఎంఎంటీఎస్"
  "చందానగర్‌లో తర్వాత ఆగే రైళ్లను చూపుతుంది." టీ)

చివరి 'టీ' అన్నది దీన్ని కమాండ్‌గా పిలవవచ్చని చెబుతుంది. ఫంక్షన్ శరీరం నమోదులోకి రాలేదు. పేరు, చోటు, వివరణ మాత్రమే వచ్చాయి.

గుర్తు తర్వాత ఏముందో దాన్నిబట్టి తయారీ ఫలితం మారుతుంది. ఫంక్షన్, మ్యాక్రో, మేజర్ మోడ్, మైనర్ మోడ్ నిర్వచనాలైతే అవి ఆటోలోడ్ వాక్యాలుగా మారతాయి. ఈ రకాలకు చెందనిది ఏదైనా ఉంటే దాన్ని సాధారణంగా ఉన్నదున్నట్టు నకలు చేస్తుంది. గుర్తు ఉన్న వరుసలోనే ఏదైనా రాస్తే దాన్నీ యథాతథంగా తీసుకుంటుంది. పైథాన్ ఫైలు తెరవగానే పైథాన్ మోడ్ రావడానికి కారణం ఇలాంటి నకలే. ఫైలు పేరు చివర ఏ అక్షరాలుంటే ఏ మోడ్ వాడాలో చెప్పే వాక్యం, మోడ్ కోడ్ లోడ్ కాకముందే నమోదై ఉంటుంది.

తయారీ ప్రక్రియ

తయారీ ప్రోగ్రామ్ ఒక డైరెక్టరీలోని లిస్ప్ ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి, గుర్తు వ్యాఖ్యలను వెతికి, తయారైన వాక్యాలను ఒకే ఫైలులో చేరుస్తుంది. ఈమాక్స్‌లో ఆ ఫైలు పేరు లోడ్‌డెఫ్స్. అందులో ఒక్కో సోర్స్ ఫైలుకు ఒక్కో విభాగం, దాని పైన ఏ ఫైలు నుంచి వచ్చిందో చెప్పే వరుస ఉంటాయి. ఏదైనా సోర్స్ ఫైలు మారితే దాని విభాగాన్ని మాత్రమే తిరిగి రాస్తే చాలు. కొన్ని పెద్ద భాగాలకు సొంత సూచికలు ఉన్నాయి. క్యాలెండర్, డైరీ, పండుగల ఫైళ్లలో గుర్తు వ్యాఖ్యలో 'ఆటోలోడ్' అనే మాటకు ముందు ఆ భాగం పేరు చేరుతుంది. అవి ప్రధాన లోడ్‌డెఫ్స్‌లోకి కాక తమ తమ ఫైళ్లలోకి వెళతాయి. ఏదైనా ఫైలును తయారీ నుంచి పూర్తిగా తప్పించాలంటే ఆ ఫైలు చివర స్థానిక వేరియబుల్ ఒకటి పెడితే సరిపోతుంది.

ఈ తయారీ ప్రోగ్రామ్ కూడా ఈమాక్స్ లిస్ప్‌లోనే ఉంది. అంటే లోడ్‌డెఫ్స్ తయారు కావాలంటే ముందు ఈమాక్స్ నడవాలి, ఈమాక్స్ కట్టాలంటే లోడ్‌డెఫ్స్ కావాలి. ఈ ముడిని విప్పడానికి ముందే తయారైన ఒక నకలును ఎల్‌డెఫ్స్-బూట్ అనే పేరుతో సోర్స్ కోడ్‌లో ఉంచుతారు. దాని ఆసరాతో తొలి ఈమాక్స్ నడిచి అసలు సూచికను రాస్తుంది. ఆ సూచిక తర్వాత ఈమాక్స్ మెమరీ ప్రతిబింబంలోనే చేరిపోతుంది. అందుకే వాడేవాడు ఎడిటర్ తెరిచినప్పుడు దాన్ని విడిగా చదవాల్సిన పని ఉండదు.

2023లో వచ్చిన ఈమాక్స్ 29లో పాత ఆటోలోడ్ ప్యాకేజీ స్థానంలో లోడ్‌డెఫ్స్-జెన్ అనే కొత్త ప్యాకేజీ వచ్చింది. పని విధానం తిరగరాసినా గుర్తు వ్యాఖ్య మారలేదు. కాబట్టి పాత ఫైళ్లను దిద్దాల్సిన అవసరం రాలేదు.

తెలుగు ఇన్‌పుట్ పద్ధతులు

ఈమాక్స్‌లో తెలుగు టైపు చేయడానికి 'తెలుగు-ఐట్రాన్స్', 'తెలుగు-ఇన్‌స్క్రిప్ట్' అనే పద్ధతులు ఉన్నాయి. మొదటిది రోమన్ అక్షరాలను తెలుగులోకి మార్చే లిప్యంతరీకరణ. రెండోది భారత ప్రభుత్వం ప్రామాణికం చేసిన కీబోర్డు అమరిక. ఈ రెండూ క్వెయిల్ అనే ఇన్‌పుట్ వ్యవస్థకు చెందిన 'ఇండియన్' అనే ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును రాసింది కవాబాతా తాయిచి. అందులో దేవనాగరి, బెంగాలీ, తమిళం, కన్నడం, మలయాళం తదితర లిపుల పద్ధతులు కూడా ఉన్నాయి.

ఈ పద్ధతులకు మామూలు ఆటోలోడ్ గుర్తు వాడరు. వీటికి వేరే తయారీ ప్రోగ్రామ్ ఉంది. అది క్వెయిల్ ఫైళ్లను వెతికి, లీమ్-లిస్ట్ అనే సూచికలో ఒక్కో ఇన్‌పుట్ పద్ధతికి ఒక్కో నమోదు వాక్యం రాస్తుంది. పద్ధతి పేరు, భాష, తెర అడుగున కనిపించే సంక్షిప్త గుర్తు, వివరణ, కోడ్ ఉన్న ఫైలు అందులో ఉంటాయి. పద్ధతిని ఎంచుకునే దాకా కోడ్ లోడ్ కాదు. ఎంచుకోగానే 'ఇండియన్' ఫైలు, దానితో పాటు అక్షరాల పట్టికలున్న మరో ఫైలు మెమరీలోకి వస్తాయి. ఆ క్షణం నుంచి రోమన్ అక్షరాలు కొడితే 'చందానగర్' అని తెలుగులో పడుతుంది.

స్వయంచాలక తయారీకి ఉన్న హద్దు ఈ ఫైలులో స్పష్టంగా కనిపిస్తుంది. తయారీ ప్రోగ్రామ్ కోడ్‌ను నడపదు, పాఠాన్ని మాత్రమే వెతుకుతుంది. క్వెయిల్ ప్యాకేజీని నిర్వచించే ఫంక్షన్ పేరు ఫైలులో నేరుగా కనిపిస్తేనే దానికి అందుతుంది. భారతీయ లిపులకైతే నిర్వచనాలు ఒకే మూసలో ఉంటాయి కనుక వాటిని మరో ఉమ్మడి ఫంక్షన్ ద్వారా చేస్తారు. దాంతో వెతికే ప్రోగ్రామ్‌కు తెలుగు కనిపించదు. అందుకని ఐట్రాన్స్ నిర్వచనానికి ముందు ఒక షరతు వాక్యం పెట్టారు. షరతు ఎప్పుడూ 'నిల్', అంటే అసత్యం. లోపల క్వెయిల్ నిర్వచనం పేరు, తెలుగు-ఐట్రాన్స్ వివరాలు ఉంటాయి. ఆ కోడ్ ఎన్నడూ నడవదు. వెతికే ప్రోగ్రామ్ కళ్లబడటానికే అది ఉంది. వ్యాఖ్యగా మార్చితే వెతికే ప్రోగ్రామ్‌కు అది అందదు కాబట్టి దాన్ని కోడ్‌గానే ఉంచారు.

మరో సంగతి కూడా ఇక్కడ గమనించాలి. ఆటోలోడ్‌కు కొలమానం ఫైలే, ఫంక్షన్ కాదు. తెలుగు కోసం ఫైలు తెరిస్తే దానితో పాటు తమిళం, కన్నడం నిర్వచనాలు కూడా వస్తాయి. ఏవి ఏ ఫైలులో ఉండాలన్న నిర్ణయమే ఎంత కోడ్ ఎప్పుడు లోడ్ అవుతుందో నిర్ణయిస్తుంది.

ప్యాకేజీలు

2012లో వచ్చిన ఈమాక్స్ 24 నుంచి ప్యాకేజీ మేనేజర్ ఎడిటర్‌తోనే వస్తోంది. ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసినప్పుడు మేనేజర్ దాని ఫైళ్లను వెతికి, ప్యాకేజీ పేరు వెనుక 'ఆటోలోడ్స్' అని చేర్చిన సూచికను తయారు చేస్తుంది. ఎడిటర్ తెరిచినప్పుడు ఆ సూచికను మాత్రమే చదువుతుంది. ప్యాకేజీలు పెరిగే కొద్దీ ఈ చిన్న ఫైళ్ల సంఖ్యే భారమవుతుంది కనుక, 2020లో వచ్చిన ఈమాక్స్ 27లో వాటన్నిటినీ ఒకే ఫైలుగా కలిపే క్విక్‌స్టార్ట్ సదుపాయం చేర్చారు.

జాగ్రత్తలు

గుర్తు ఎక్కడ పెట్టాలో యంత్రం చెప్పదు, అది రచయిత విచక్షణ. వాడేవారు నేరుగా పిలిచే కమాండ్లకూ, మోడ్‌లకూ పెట్టడం సరైనది. ప్రతి ఫంక్షన్‌కూ పెడితే సూచిక ఉబ్బి, ఆదా అయ్యేది తగ్గిపోతుంది. తయారీ ప్రోగ్రామ్ గుర్తించని మ్యాక్రోతో రాసిన వాక్యానికి గుర్తు పెడితే మొత్తం వాక్యం నకలై, ఎడిటర్ తెరిచినప్పుడే నడుస్తుంది. అప్పటికి ఆ మ్యాక్రో నిర్వచనం లోడ్ కాకపోతే దోషం వస్తుంది. తయారైన ఫైలును చేత్తో దిద్దకూడదు. మళ్లీ తయారు చేసినప్పుడు ఆ దిద్దుబాటు పోతుంది. ఏ మార్పైనా సోర్స్ ఫైలులో చేసి సూచికను తిరిగి తయారు చేయాలి.

ఇతర వ్యవస్థల్లో

ఎక్స్‌ఈమాక్స్‌లో ఇలాంటి సూచికకు ఆటో-ఆటోలోడ్స్ అని పేరు. ఆటోక్యాడ్‌లోని ఆటోలిస్ప్‌కు ఆటోలోడ్ ఫంక్షన్ ఉన్నా, ఫైలు పేరునూ కమాండ్ల జాబితానూ చేత్తో ఇవ్వాలి. కామన్ లిస్ప్ ప్రమాణంలో ఆటోలోడ్ లేదు. లిస్ప్ వెలుపల చూస్తే, పీహెచ్‌పీ ప్రోగ్రామర్లు వాడే కంపోజర్ కూడా సోర్స్ ఫైళ్లను వెతికి ఏ క్లాస్ ఏ ఫైలులో ఉందో చెప్పే పట్టికను తయారు చేయగలదు.

ఆటోలోడ్ వల్ల సమయం, మెమరీ ఆదా అవుతాయి. నిర్వచనాలను యంత్రమే తయారు చేయడం వల్ల కలిగే మేలు అంతకంటే పెద్దది. నమోదుకు ఆధారం ఫంక్షన్ పక్కనే ఒక్కచోట ఉంటుంది కాబట్టి, కోడ్ ఎంత మారినా తిరిగి తయారు చేసిన సూచిక దానితో సరిపోతుంది.