మీ జీతం ఎవరిస్తారు సాబ్?

కార్ఖానాలో మాలిక్‌కీ మజ్దూర్లకీ మధ్య సలహాదారుగా నాది నౌకరీ. "మీ జీతం ఎవరిస్తారు సాబ్?" అని మొన్న ఒక భాయ్ అడిగాడు. మాలికే. చెప్పడానికి కాస్త షరమ్ అనిపించింది.

సవాల్ పాతదే. ఒకప్పుడు బొంబాయి మిల్లుల్లో పని ఇవ్వడం, తీసేయడం జాబర్ చేతిలో ఉండేది. అతనికి రిష్వత్ ముట్టందే నౌకరీ లేదు. ఆ ఇఖ్తియార్ లేబర్ ఆఫీసర్‌కి ఇవ్వాలని 1931లో విట్లీ కమిషన్ సిఫార్సు చేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ దఫా, 500 మంది పనిచేసే ప్రతిచోటా వెల్ఫేర్ ఆఫీసర్‌ను లాజిమ్ చేసింది. అతని జిమ్మేదారీలు సర్కారు రాసింది. జీతం మాత్రం మాలిక్ జేబులోంచే.

భాయ్ చాయ్ తాగుతూ అంతా విన్నాడు.

"అయితే దరఖాస్తు మీకివ్వాలా, సర్కారీ లేబర్ ఆఫీసులోనా?"

రెండుచోట్లా ఇవ్వమన్నాను.